రెండు మందులూ ఫెయిలయ్యేదాకా

ఆ ఎండాకాలం మొదట్లో మా స్నానాలగది తలుపుకి లోపలి గడియ ఊడదీసింది మా అత్తయ్యే.

మా ఆయన బ్రెడ్డు వ్యాను తీసుకుని తెల్లవారకముందే వెళ్ళిపోయాడు. నేను వంటింట్లో టీ మరిగిస్తున్నాను. ఏదో గీరుతున్న చప్పుడైతే వచ్చి చూశాను. ఆవిడ స్టూలు వేసుకుని కూర్చుని, కళ్ళజోడు ముక్కు చివరికి జార్చుకుని, నా కుట్టుమిషను సొరుగులోని స్క్రూడ్రైవరుతో గడియ విప్పుతోంది.

"అత్తయ్యా, సాయంత్రం మీ అబ్బాయి వచ్చాక తీయిద్దాం కదా?"

"వాడి సాయంత్రాలు నాకు తెలుసులే. రేపంటాడు, ఎల్లుండంటాడు. ఈలోపు అది లోపల పడితే తలుపు ఎవరు పగలగొడతారు? నువ్వా, నేనా?"

"అది" అంటే మా ఆడపడుచు. ఇంట్లో అందరం పిట్ట అనే పిలుస్తాం. తిండి పిట్ట తిన్నంతే, మాటలు మాత్రం చెట్టు నిండా పిట్టలు వాలినన్ని. సరిగ్గా అప్పుడే భుజాన తువ్వాలు వేసుకుని వచ్చి, తలుపుకి పడిన కంతల్ని వేలితో తడిమి చూసింది.

"బాగుంది. ఇక నేను స్నానం చేస్తుంటే నువ్వు బయట కాపలా కూర్చుంటావా అమ్మా?"

"కూర్చుంటా. నువ్వు లోపల పాట పాడుతూ ఉండు. పాట ఆగిందా, లోపలికొచ్చేస్తా."

"నా పాట వింటే వీధిలో వాళ్ళు ఇల్లు ఖాళీ చేసి పోతారే."

"పోతే పోనీ. అద్దెలు తగ్గుతాయి," అంది అత్తయ్య, ఆఖరి స్క్రూ ఊడదీస్తూ.

ముగ్గురం నవ్వాం. ఆ నవ్వు నాకింకా గుర్తుంది. ఎందుకంటే ఆ తర్వాత వానలు పడేదాకా మా ఇంట్లో అలా నవ్విన జ్ఞాపకం లేదు.

పిట్టకి చిన్నప్పటి నుంచీ మూర్ఛ. నేను కాపురానికొచ్చిన కొత్తలో వారానికోసారైనా వచ్చేది. రకరకాల మందులు వాడారు. చివరికి ఒక డాక్టరమ్మ రాసిన చిన్న తెల్లబిళ్ళ పడింది ఆ పిల్లకి. పడింది అంటే అలా ఇలా కాదు, రెండేళ్ళు దాటినా మళ్ళీ రాలేదు. ఆ ధైర్యంతోనే పళ్ళసెట్లు తయారుచేసే ల్యాబులో పనికి కుదిరింది. ప్లాస్టరు అచ్చు మీద మైనం పోసి, చిన్న మంట దగ్గర పెట్టి మెత్తబరిచి, అందులో ఒక్కొక్క పన్నూ నిలబెట్టడం నేర్చుకుంది. దారిన పోయేవాళ్ళ మొహాలు చూడటం మానేసి నోళ్ళు చూడటం మొదలుపెట్టింది. "కూరలాయన నవ్వాడు చూశావా వదినా, పైవరస మా ల్యాబుదే," అని గుసగుసగా చెప్పేది.

బిళ్ళ ఖరీదైనది. మా ఆయన జీతమంతా పోసినా నెలకు సరిపడా రాదు. అయితే బేకరీ వాళ్ళు ఉద్యోగులకీ, ఇంట్లోవాళ్ళకీ ఇన్సూరెన్సు కట్టేవారు కాబట్టి ఆ సంగతి ఎప్పుడూ ఆలోచించే అవసరం రాలేదు. ఆ ఏడు ఎండలు మొదలవుతుండగా బేకరీ వాళ్ళు ఇన్సూరెన్సు కంపెనీ మార్చారు. కొత్త కార్డులు ఇచ్చారు. పాతవాటి కంటే అందంగానే ఉన్నాయి.

మందుల షాపులో ఎప్పటిలాగే చీటీ ఇచ్చాను. షాపాయన మాకు ఎప్పటి నుంచో తెలిసిన మనిషి. కొత్త కార్డు నంబరు కొట్టి, తెర వంక చూసి, మళ్ళీ కొట్టాడు.

"కొత్తవాళ్ళు దీనికి ఒప్పుకోవట్లేదమ్మా."

"అదేంటండీ, ఎప్పుడూ తీసుకునేదే కదా?"

"మీరు తీసుకునేదే. వాళ్ళకి మాత్రం మీరు కొత్త. ముందు వాళ్ళ లిస్టులో ఉన్న మందులు వాడాలంటున్నారు. డాక్టరుగారితో ఒకసారి మాట్లాడండి." కాస్త ఆగి, గొంతు తగ్గించి అడిగాడు. "ఇంట్లో ఇంకా ఎన్ని ఉన్నాయి?"

ఆయన అడిగిన తీరు చూసి, ఇంటికి రాగానే డబ్బా బోర్లించి బిళ్ళలు లెక్కపెట్టాను.

డాక్టరమ్మ దగ్గరికి నలుగురం వెళ్ళాం. గదిలో మూడే కుర్చీలు. మా ఆయన గోడకి ఆనుకుని నిలబడ్డాడు. డాక్టరమ్మ త్వరత్వరగా మాట్లాడే మనిషి. ఆ రోజు మాత్రం ఒక్కో మాటా ఏరుకుని మాట్లాడింది.

"నేను ఇప్పటికే రాసి పంపాను. ఈ అమ్మాయికి ఈ మందు పడింది, మార్చడం ప్రమాదం అని రాశాను. ఒప్పుకోలేదు. వాళ్ళ రూలు ప్రకారం ముందు వాళ్ళ లిస్టులోవి రెండు మందులు వాడి చూడాలి. రెండూ ఫెయిలైతే అప్పుడు దీనికి డబ్బు ఇస్తారు."

"చిన్నప్పుడు అన్నీ వాడాం కదండీ," అన్నాడు మా ఆయన.

"వాడారు. ఆ కాగితాలున్న ఆస్పత్రి మూతబడిపోయింది. కాగితం లేనిది వాళ్ళకి లెక్కలోకి రాదు."

పిట్ట ముందుకు వంగింది. "ఫెయిలవడం అంటే? ఫెయిలవ్వాల్సింది మందా, నేనా?"

"మందమ్మా."

"మందు ఫెయిలైందని ఎలా తెలుస్తుంది?"

డాక్టరమ్మ కలం మూత పెట్టి తీసి మళ్ళీ పెట్టింది. "నీకు మళ్ళీ రావాలి. వచ్చినట్టు రాసి ఉండాలి."

అత్తయ్య సరిగా వినపడనట్టు నావైపు తిరిగి, "ఏం రావాలంటుందే?" అని అడిగింది. నేను చెప్పలేదు. ఆవిడ మళ్ళీ అడగలేదు.

తెల్లబిళ్ళ కొద్దికొద్దిగా తగ్గిస్తూ కొత్తది కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోవాలని డాక్టరమ్మ రాసిచ్చింది. ఇంట్లో పొయ్యి దగ్గరికి పోకూడదు, ల్యాబులో మంట దగ్గరా, అరగదీసే చక్రం దగ్గరా కూర్చోకూడదు, రోడ్డు ఒంటరిగా దాటకూడదు. వస్తే ఏం చేయాలో నాకు మళ్ళీ నేర్పింది. పక్కకి తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు, గడియారం చూడాలి. నేను అన్నిటికీ తలూపాను. మా ఆయన వింటున్నట్టే ఉన్నాడు కానీ, బయటికొచ్చాక, "చివర్లో ఏం చెప్పింది?" అని అడిగాడు.

ఆ వారమే ఇన్సూరెన్సు వాళ్ళకి ఫోను చేశాను. ఎంతోసేపు సంగీతం వినిపించాక ఒకమ్మాయి తీసింది. చక్కటి గొంతు. నేను చెప్పినదంతా ఎక్కడా అడ్డుపడకుండా విన్నది.

"మీ బాధ నాకు అర్థమవుతోందండీ. కొత్త మందు మొదలుపెట్టిన తర్వాత మళ్ళీ మూర్ఛ వచ్చిందా?"

"ఇంకా రాలేదండీ. రాకుండానే..."

"రాలేదంటే మందు పనిచేస్తున్నట్టే కదండీ."

నేను ఫోను ఇంకో చెవికి మార్చుకున్నాను.

"ఒకవేళ వస్తే మాకు తెలియజేయండి. ఇంకేమైనా సాయం కావాలా?"

వద్దని పెట్టేశాను. ఆ అమ్మాయిని తిట్టాలనిపించలేదు. మా పిట్ట వయసే ఉంటుందేమో. ఫోను పెట్టాక మాత్రం మిషను ముందు కూర్చుని ఒకే కుట్టు రెండుసార్లు విప్పి వేశాను.

నేను ఇంట్లోనే పరదాలు కుట్టి ఒక షాపుకి ఇస్తాను. ఆ ఎండాకాలం షాపువాడికి నేను చెప్పిన రోజుకి ఒక్కసారీ ఇవ్వలేదు. మిషను నడుస్తుంటే పక్కగది చప్పుడు వినపడదు. నాలుగు కుట్లు వేయడం, ఆపి చెవి పెట్టడం, మళ్ళీ నాలుగు వేయడం. పిట్ట అటూ ఇటూ తిరుగుతుంటే పర్వాలేదు. తిరగడం ఆగితే లేచి వెళ్ళేదాన్ని. ఎండకి మంచం మీద వాలి ఉండేది.

"ఊపిరి పీలుస్తున్నా వదినా. వెళ్ళి కుట్టుకో," అనేది కళ్ళు మూసుకునే.

వంటింట్లో గరిటె కింద పడితే ఇంట్లో అందరం ఎక్కడివాళ్ళం అక్కడ ఆగిపోయేవాళ్ళం. "గరిటే, గరిటే!" అని పడేసినవాళ్ళు అరిచి చెప్పాలి. అదో అలవాటైపోయింది. మా ఆయన ఒకసారి చెప్పు జారవిడిచి, గుమ్మంలోంచి "చెప్పు!" అని కేకేశాడు. పక్కవాటా ఆవిడ తనని కొట్టడానికేమో అనుకుని తలుపేసుకుంది. మామూలు రోజుల్లో అయితే దానికి వారం రోజులు నవ్వుకునేవాళ్ళం.

అత్తయ్య బల్ల మూలలకి పాత బొంత ముక్కలు చుట్టి దారంతో కట్టింది. గాజు గ్లాసులు పైఅరలోకి పోయాయి. ఆవిడ కూర్చునే చోటు మారింది. ఎప్పుడూ కిటికీ దగ్గర కూర్చునే మనిషి, కూతురు ఎక్కడుంటే అక్కడికి స్టూలు జరుపుకుంటూ ఇల్లంతా తిరిగేది.

ల్యాబు మేడం మంచిదే. పిట్టని పనిలోంచి తీసేయలేదు. మంట దగ్గర్నుంచి లేపి, ప్లాస్టరు కలిపే బల్ల దగ్గర కూర్చోబెట్టింది. రోజూ పొద్దున్నే నేను తీసుకెళ్ళి దింపేదాన్ని, సాయంత్రం వెళ్ళి తెచ్చేదాన్ని. "ఇన్నాళ్ళు నేర్చుకుంది సున్నం కలపడానికా," అని పిట్ట మొదటి రెండ్రోజులూ గొణిగింది. ఆ తర్వాత గొణగడం కూడా మానేసింది.

అదే నాకు అన్నిటికంటే భయం వేసిన సంగతి. కొత్త మందు ఆ పిల్ల మాటల్ని తినేసింది. మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో ఆగి, వెతుక్కునేది. "వదినా, అది ఇలా ఇవ్వు... అది... నీళ్ళు పోసుకునేది." చెంబు అనే మాట దొరకలేదు. ఇంకోసారి నా మొహంలోకి చూస్తూ నన్ను పిలవబోయి, పెదాలు కదిలించి, నవ్వేసి ఊరుకుంది. స్నానాలగదిలోంచి వచ్చే పాటలో మాటలు పోయి ఒట్టి కూనిరాగం మిగిలింది. బయట స్టూలు మీద అత్తయ్య, "మాటలు పాడవే, మాటలు పాడు," అని తలుపుకి చెప్పేది.

"గుర్తు రావట్లేదమ్మా."

"ఏదో ఒకటి. నీ పేరే పాడు."

ఒక రాత్రి భోజనాల దగ్గర మా ఆయన కంచం పక్కకి నెట్టి అన్నాడు. "వచ్చిందని చెప్పేద్దాం. ఎవరు చూడొచ్చారు? ఒకసారి వచ్చింది, నేను చూశాను అంటాను. దీన్ని ఫెయిలు చేయించి రెండోది మొదలుపెడదాం. దాన్నీ అలాగే."

"నోటితో అనకురా," అంది అత్తయ్య.

"అబద్ధమే కదమ్మా."

"అబద్ధమైనా అనకు. కూతురికి అది వచ్చిందని నేను నా నోటితో చెప్పలేను. నువ్వూ చెప్పొద్దు."

మా ఆయన పిట్ట వైపు తిరిగాడు. "నువ్వేమంటావు?"

పిట్ట చాలాసేపు ఆలోచించింది. అంతకుముందైతే మనం అడగడం పూర్తికాకుండానే జవాబు వచ్చిపడేది. "వచ్చిందని రాస్తే ల్యాబులో ఇక మంట దగ్గరికి రానివ్వరు అన్నయ్యా. రెండేళ్ళు రాలేదన్న మాట మీదే నన్ను అక్కడ కూర్చోబెట్టారు. రానిదాన్ని వచ్చిందని నేనే ఎలా చెప్పను?"

ఆ మాట అక్కడితో ఆగిపోయింది. డాక్టరమ్మ కూడా, ఎవరూ అడక్కముందే, "నిజంగా జరిగిందే రాస్తాను, దాచకుండా చెప్పండి," అని ఫోనులో చెప్పి ఉంది. ఏదేమైనా అబద్ధం చెప్పే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదని ఆ రాత్రే తేలిపోయింది.

తెల్లబిళ్ళలు పూర్తిగా అయిపోయాయి. ఎండలు ముదిరాయి. ఒక మధ్యాహ్నం ల్యాబుకి సెలవు. పిట్ట గదిలో నిద్రపోతోంది. మందు వల్ల ఏ వేళప్పుడు పడితే ఆ వేళప్పుడు నిద్రపోయేది. తలుపు తెరిచి పెట్టి, కనబడేట్టుగా వంటింటి గుమ్మంలో కూర్చుని అత్తయ్యా నేనూ చిక్కుళ్ళు వలుస్తున్నాం. ఆవిడ చేతులు వలుస్తున్నాయి, చూపు గదిలోనే ఉంది.

"వచ్చేదేదో ఇప్పుడొచ్చిపోతే బాగుండునే," అంది ఆవిడ. "మంచం మీద ఉంది. మనిద్దరం ఉన్నాం."

నేను తలెత్తి చూశాను. ఆవిడ చేతిలోని చిక్కుడుకాయ అలాగే పట్టుకుని, తను అన్న మాట ఇంకెవరో అన్నట్టు నా వంక చూస్తోంది.

ఏమంటున్నారత్తయ్యా అనాలి. అనలేకపోయాను. నేనూ ఎన్నో రోజులుగా లోపల అదే అనుకుంటున్నాను. పొద్దున్నే రోడ్డు దాటేటప్పుడు, ఇప్పుడు వద్దు, ఇంటికెళ్ళాక రానీ అని. ల్యాబు గుమ్మంలో వదిలేటప్పుడు, సాయంత్రం నేనొచ్చాక రానీ అని.

"చారు పొంగుతున్నట్టుంది, చూసొస్తా," అని లేచాను. పొయ్యి మీద ఏమీ లేదు. పొయ్యి ముందు కాసేపు ఊరికే నిలబడి, వచ్చి కూర్చుని మిగతా చిక్కుళ్ళు వలిచాను. ఆ తర్వాత మేం ఆ మాట ఎత్తలేదు.

మరి కొన్నాళ్ళకి నిజంగానే వచ్చింది, మేం కోరుకున్నట్టే వచ్చింది. పొద్దున, చాప మీద కూర్చుని జడ వేసుకుంటూ ఉంటే, దువ్వెన పట్టుకున్న చేయి గాలిలో ఆగిపోయింది. పిట్ట గొంతులోంచి మనిషిది కాని ఒక అరుపు వచ్చింది. ఆ రోజు మా ఆయనది మధ్యాహ్నం డ్యూటీ, ఇంకా బయలుదేరలేదు. పక్కకి తిప్పాం. అత్తయ్య కంగారులో చెంచా తీసుకొస్తే లాగేసుకున్నాను. మా ఆయన గడియారం వైపు చూస్తూ, "ఇంకా, ఇంకా," అంటున్నాడు, ఎవరికి చెబుతున్నాడో తెలియదు. ఆగింది. పెదాలు నీలం నుంచి మామూలు రంగుకి వచ్చాయి. నుదుటి మీద చెయ్యి వేస్తే చెమటతో చల్లగా ఉంది.

ఆస్పత్రికి తీసుకెళ్ళి రాయించాం. డాక్టరమ్మ ఆ కాగితం అదే రోజు ఇన్సూరెన్సు వాళ్ళకి పంపింది. నేనూ ఫోను చేశాను. ఈసారి మగ గొంతు.

"నమోదైందండీ. మొదటి మందు పనిచేయలేదని రాసుకున్నాం. ఇప్పుడు లిస్టులోంచి రెండోది మొదలుపెట్టొచ్చు."

"ఇదివరకటి మందు ఇచ్చేయండి. అది పడుతుందని మీకూ తెలుసు కదా."

"రెండోది కూడా పనిచేయకపోతే డాక్టరుగారు మళ్ళీ అడగొచ్చండీ."

వెనక్కి తిరిగితే ముగ్గురూ నా మొహం చూస్తున్నారు. మా ఆయన డ్యూటీ బట్టల్లోనే గుమ్మంలో ఉన్నాడు. నేను చెప్పకుండానే అర్థమైపోయింది. పిట్ట గోడవైపు తిరిగి పడుకుంది. "మళ్ళీ మొదటి నుంచా?" అన్నది ఒక్కసారి, అంతే.

రెండో మందుకి మాటలు కాస్త తిరిగొచ్చాయి. మేం దానికి సంతోషపడాలో లేదో తెలియని స్థితి. మాట తిరిగొచ్చింది కానీ చేయి అప్పుడప్పుడూ ఉలిక్కిపడినట్టు ఎగిరేది. ప్లాస్టరు గిన్నె రెండుసార్లు జారవిడిచిందని మేడం నన్ను పక్కకి పిలిచి చెప్పింది. "తిట్టడానికి కాదు. మీకు తెలియాలని చెబుతున్నా," అంది. తనూ భయపడుతోందని నాకు అప్పుడు తెలిసింది.

మాది రెండో అంతస్తు. ఆ పొద్దున ల్యాబుకి దిగుతున్నాం. రోజూలాగే నా చేయి పిట్ట మోచేతి కింద ఉంది. కింద ఎవరో నీళ్ళ డబ్బాలు పైకి తెస్తూ దారిమ్మన్నారు. నేను గోడవైపు ఒదిగాను. ఆ ఒదగడంలో చేయి వదిలాను. పిట్ట "వదినా" అన్నది. ఈసారి మాట స్పష్టంగానే వచ్చింది. తర్వాత నా పక్కన లేదు.

మెట్ల మలుపులో పడి ఉంది. ఒక చేయి ఒంటి కింద మడతపడిపోయింది. ఒళ్ళంతా కొట్టుకుంటోంది. నీళ్ళ డబ్బాలతను డబ్బా వదిలేసి తల పట్టుకున్నాడు. ఆ డబ్బా మెట్ల మీద నుంచి దొర్లుకుంటూ పోతూనే ఉంది. నేను గడియారం చూడాలని గుర్తుంది, చూశానో లేదో గుర్తులేదు. ఆగింది అనుకున్నాం. కళ్ళు తెరవకుండానే మళ్ళీ మొదలైంది.

అంబులెన్సులో వచ్చినతను కార్డు అడిగాడు. చూసి, "వీళ్ళ లిస్టులో ఉన్న ఆస్పత్రి ఊరికి ఆ చివరుంది. దగ్గరున్నది లిస్టులో లేదు. ఎటు పోనివ్వమంటారు?" అన్నాడు.

మా ఆయనకి ఫోను చేశాను. వ్యాను చప్పుడు వినిపిస్తోంది. "దగ్గరది లిస్టులో లేదటండీ," అన్నాను. అవతల వ్యాను ఆగిన చప్పుడైంది.

"దగ్గరదానికి పోనివ్వమను," అన్నాడు. "పోనివ్వమను. పోనివ్వమను."

పోనిచ్చారు. ఆ బిల్లు గురించి తర్వాత ఎన్ని ఫోన్లు చేశామో అది వేరే గొడవ. ఆ పూట మాత్రం మూర్ఛ ఆగలేదు. ఒకటి ఆగి ఇంకొకటి. తలుపు అవతలికి తీసుకెళ్ళి, మత్తిచ్చి, గొట్టాలు పెట్టారు. మేం బయట బెంచీ మీద. అత్తయ్య పక్కింటివాళ్ళ చెప్పులు వేసుకుని వచ్చేసింది. నర్సు తలుపు తీసినప్పుడల్లా లేచేది. నర్సు మావైపు రాకుండా అటు వెళ్ళిపోతే కూర్చునేది. మా ఆయన బేకరీ టోపీ తీయడం మరిచిపోయాడు. ఎవరో పెద్దాయన వచ్చి, "క్యాంటీన్ ఎటు బాబూ?" అని ఆయన్ని అడిగాడు. ఆయన చేయి చాపి ఏదో దిక్కు చూపించాడు.

మర్నాడు మధ్యాహ్నానికి గానీ పిట్ట కళ్ళు తెరవలేదు. భుజం దగ్గర ఎముక విరిగింది. నాలుక కరుచుకుంది. కళ్ళు మామీద తిరిగాయి కానీ ఎక్కడా ఆగలేదు. అత్తయ్య మంచం మీదికి వంగి, "నేనెవర్నే?" అంది. పిట్ట చూసింది. చూస్తూనే ఉంది.

"అమ్మ," అంది చివరికి.

సాయంత్రం మా డాక్టరమ్మ తన పని ముగించుకుని వచ్చింది. పిట్ట కళ్ళలో లైటు వేసి చూసి, మమ్మల్ని గది బయటికి తీసుకొచ్చింది.

"అర్జంటని రాసి పంపాను. రెండు మందులూ ఫెయిలయ్యాయని రాశాను. ఇప్పుడే జవాబొచ్చింది, ఒప్పుకున్నారు. రేపటి నుంచి పాత బిళ్ళే ఇస్తారు."

"అంటే ఫెయిలైనట్టేనా?" అంది అత్తయ్య.

"అయినట్టేనండీ."

"అమ్మయ్య," అంది ఆవిడ.

నిండుగా, గుండెల్లోంచి వచ్చింది ఆ మాట. వచ్చాక, ఆవిడ తలుపు అద్దంలోంచి లోపలున్న కూతుర్ని చూసింది. కట్టు కట్టిన భుజాన్ని, వాచిన నోటిని చూసింది. చూస్తూ మెల్లగా గోడ పట్టుకుని నేలమీదే కూర్చుండిపోయింది. డాక్టరమ్మ కూడా ఆవిడ పక్కనే మునికాళ్ళ మీద కూర్చుంది.

తెల్లబిళ్ళ మళ్ళీ పనిచేయడానికి కొన్ని వారాలు పట్టింది. ఆ వారాల్లో కూడా భయం అలాగే ఉంది. కాకపోతే అది ముందుకు నడుస్తున్న భయం. వానలు మొదలయ్యాక ఒక సాయంత్రం మందుల షాపుకి పిట్టా నేనూ కలిసే వెళ్ళాం. భుజానికి ఇంకా పట్టీ ఉంది. షాపాయన డబ్బా అందిస్తూ, "సంతకం ఎడమచేత్తో పెట్టగలవా అమ్మా?" అన్నాడు. పెట్టింది. "ఇది ఆరు నెలలకే ఒప్పుకున్నారు. తర్వాత మళ్ళీ అడగాలట," అని మెల్లగా చెప్పాడు.

బయట చూరు కింద వాన వెలిసేదాకా నిలబడ్డాం. ఆరు నెలల తర్వాత ఇంకో చక్కటి గొంతు ఇదే ప్రశ్న అడుగుతుంది. ఈమధ్య వచ్చిందా? రాలేదా?

"వదినా, నీకో మాట చెప్పనా?" అంది పిట్ట. రోడ్డు మీద బుడగలు చూస్తూ మాట్లాడుతోంది. "అమ్మ చిక్కుళ్ళు వలుస్తూ అన్న మాట నేను విన్నాను. అప్పుడు నేను నిద్రపోవట్లేదు."

నేను తన వైపు తిరిగాను. "అమ్మ ఉద్దేశం..."

"తెలుసులే. నేనూ రోజూ లేవగానే అదే అనుకునేదాన్ని. ఈరోజు వచ్చేస్తే బాగుండు, మీరెవరైనా పక్కన ఉండగా అని. మంచం మీద పడుకుని కళ్ళు మూసుకుని, రావే, రా, అని పిలిచేదాన్ని." చూరు నీళ్ళ కింద ఎడమచెయ్యి పెట్టింది. "పిలిస్తే వచ్చేది కాదు. నన్ను అడిగి ఏరోజు వచ్చింది గనుక."

నేను ఆ పిల్లని దగ్గరికి తీసుకోబోయాను. విరిగిన భుజం గుర్తొచ్చి ఆగాను. రెండో వైపు నుంచి వెళ్ళి తీసుకున్నాను. అలాగే నిలబడ్డాం. షాపాయన లోపల ఏదో సర్దుకుంటున్నట్టు అటు తిరిగాడు.

"మళ్ళీ అలా పిలవను వదినా. చచ్చినా పిలవను."

"ఆరు నెలలు ఉంది కదా. చూద్దాంలే," అన్నాను.

"చూద్దాం అంటూ కూర్చుంటే మళ్ళీ ఫెయిలయ్యేదాకా ఆగమంటారు. రేపు నీకు కుట్టు పని ఉందా?"

"ఉంది. షాపువాడు తిడుతున్నాడు."

"ఇన్నాళ్ళూ తిట్టాడుగా, ఇంకో పూట తిడతాడు."

మర్నాడు పొద్దున్నే, క్లినిక్కు ఇంకా తెరవకముందే, మేమిద్దరం డాక్టరమ్మ గది ముందు బెంచీ మీద ఉన్నాం. ఆరు నెలల తర్వాత మళ్ళీ అడగాల్సిన మాటలు పిట్ట దారంతా నాకు అప్పజెబుతూనే ఉంది. మూతబడిన ఆస్పత్రి కాగితాలు ఎక్కడికి పోయాయో కనుక్కోవాలంది, మెట్ల మీద జరిగింది ప్రతిసారీ మొదట రాయాలంది, అన్నయ్య బేకరీలో ఇంకా ఎవరెవరి ఇళ్ళల్లో ఇలా అయిందో అడగాలంది. తాళం తీయడానికి వచ్చిన రిసెప్షన్ అమ్మాయి పిట్ట పట్టీ చూసి కంగారుపడింది.

"ఏమైంది? మళ్ళీ వచ్చిందా?"

"రాలేదండీ. ఆరు నెలల తర్వాత మందుకి మళ్ళీ ఒప్పుకోవాలి కదా, ఆ దరఖాస్తు కోసం వచ్చాం."

"ఆరు నెలల తర్వాతదానికి ఇప్పుడే దేనికమ్మా? ఇంకా బోలెడు టైముంది."

"తెలుసండీ," అంది పిట్ట, బెంచీ మీద కాస్త జరిగి ఆ అమ్మాయి లోపలికి వెళ్ళడానికి దారిస్తూ. "నాకింకా ఏమీ కాకముందే రావాలని వచ్చాం."